ముసుగు కింద రెండు వేళ్ళ జుట్టు

“మీరే! మీరూ, మీ కమిటీ పెద్దలూ! పసిబిడ్డకు తల్లిగా నిలబడాల్సినదాన్ని గుమ్మం బయట నిలబెట్టింది మీరే, బాలశౌరన్నయ్యా!”

“అరవబాక గురవమ్మా. లోపల జపమాల జరుగుతోంది.”

“జరగనీయండి. మరియమ్మకు నా గొంతు కొత్తేం కాదు.”

దోహాలో శుక్రవారం ఉదయం, అబూ హమూర్ చర్చిల ఆవరణ. తెలుగు కతోలిక సంఘం హాలు గుమ్మంలో కార్యదర్శి బాలశౌరి అడ్డంగా నిలబడ్డాడు, చేతిలో కాగితం, జేబులో పెన్ను. ఎదురుగా గురవమ్మ, అల్ ఘర్రాఫాలో ఒక అరబ్బు ఇంట్లో వంటమనిషి. పదకొండింటికి, ఆమెను పిన్నీ అని పిలిచే జానీ కూతురి జ్ఞానస్నానం. ఆ పిల్లకు జ్ఞానతల్లి తనేనని నెల రోజులుగా మురిసిపోతూ వచ్చింది. తెల్ల ముసుగును ఇప్పుడు గడ్డం కింద గట్టిగా బిగించి పట్టుకుంది.

“నేను ఆపలేదమ్మా. రూలు ఆపింది. వాట్సాప్ గ్రూపులో పెట్టాం కదా, పది రోజులైంది. చూడలేదా?”

“చూశా.”

“చూసి?”

“నాకు చదవటం వచ్చా ఏమన్నా? అందరూ దండం బొమ్మ పెట్టారు. నేనూ ఒక దండం పెట్టా.”

“దండం పెట్టావంటే ఒప్పుకున్నట్టే.”

“మీరు ఏం పెట్టినా జనం దండమే పెడతారన్నయ్యా. గుడ్ మార్నింగ్ పెట్టినా దండమే, ఎవరో పోయారని పెట్టినా దండమే. చదవండి, ఏముందో వింటా.”

“మొత్తం ఎందుకులే. నీకు తగిలేది నాలుగో నంబరు. ‘జుట్టు కత్తిరించుకున్న స్త్రీలు, రంగు వేసుకున్న స్త్రీలు బలిపీఠం దగ్గరికి రారాదు, పఠనాలు చదవరాదు, జ్ఞానతల్లులుగా నిలబడరాదు.’ అర్థమైందా?”

“రంగేసుకున్న స్త్రీలు అని రాశారు. రంగేసుకున్న మీసాల సంగతి ఏ నంబర్లో ఉంది?”

“ఇది... ఇది హెన్నా.”

“హెన్నా ఎర్రగా ఉంటదన్నయ్యా. మీ మీసం బొగ్గులాగుంది.”

“మాట మార్చబాక! నీ జుట్టు సంగతి చెప్పు. రెండు వేళ్ళుంది. మగపిల్లాడి క్రాపు.”

“మీకెట్టా తెలుసు? ముసుగేసుకునే ఉన్నాగా.”

“ఇందాక పార్కింగులో ఇసక గాలికి ఎగిరింది. చూశాను.”

“ముసుగేసుకోమన్నదీ మీరే, ముసుగు కింద తొంగిచూసిందీ మీరే.”

“తొంగిచూడలేదమ్మా! కనపడింది!”

“కనపడితే కళ్ళు తిప్పుకోవాల. మూడో నంబరేంది? అదీ చదవండి.”

“అది నీకు తగలదు. ముక్కుకి రెండు పక్కలా పుడకలు...”

“ఓహో. పాటల గుంపులోంచి లూర్దమ్మను తీసేసింది దీనికేనా? అవి వాళ్ళ అమ్మమ్మ పుడకలయ్యా! ఫిరంగిపురంలో మా అమ్మ తరం అంతా రెండు పక్కలా పెట్టుకునే పూజకెళ్ళింది. ఏ ఫాదరుగారూ ఏమన్లా. మీకెవరు చెప్పారు ఇదంతా?”

“తెలుసుకున్నాను. ఆ పాత పద్ధతులూ, ఆ లాటిన్ పూజలూ, ఆ క్రమశిక్షణా... ఈ కాలంలో ఎవరికి పట్టింది? చూస్తుంటే కళ్ళు తెరుచుకున్నాయి.”

“యూట్యూబులో.”

“యూట్యూబులో అయితే ఏం?”

“ఫాదరుగారిని అడిగారా?”

“ఫాదరుగారు బిజీ. మేం చెబుతాంలే.”

“అంటే అడగలా.”

“చూడు గురవమ్మా, మెల్లగా చెబుతా. మన శరీరం మనది కాదు. దేవుడి ఆలయం. ఆయన ఎట్టా చేశాడో అట్టానే ఉంచాలి. కొయ్యకూడదు, పొడవకూడదు, కత్తిరించకూడదు.”

“మీ గుండె మీద ఇంత పొడుగు కోత ఉందిగా? చొక్కా గుండీ పెట్టుకోండి, ఇప్పుడు కూడా కనపడతంది.”

“అది ఆపరేషన్! పోయిన నవంబర్లో చచ్చి బతికాను నేను!”

“తెలుసు. కాలు కోసి నరం తీసి గుండెకు కుట్టారు. ఆలయంలో బాగానే మరమ్మతు చేయించారు.”

“ప్రాణానికీ ఫ్యాషనుకీ తేడా లేదా?”

“ఫ్యాషనా! నాకా! నేను పొద్దున్నే నాలుగింటికి లేచి ఇరవై మందికి రొట్టెలు చేస్తానన్నయ్యా. ఫ్యాషను ఎవరి కోసం? గ్యాసు పొయ్యి కోసమా?”

“మరెందుకు కత్తిరించావ్?”

“...పేలు పడ్డాయి.”

“పేలకి మందుంది.”

“వంటగదిలో ఉక్క.”

“ఇందాక పేలన్నావ్.”

“పేలూ ఉక్కా రెండూ. పైగా ఇక్కడి నీళ్ళు. దోహా నీళ్ళకు ఎవరి జుట్టు నిలబడింది? మీదీ పోయిందిగా వెనకమాల.”

“నా వెనకమాల సంగతి నీకెందుకు! మూడు మాటలు చెప్పావ్, మూడూ అబద్ధాలే. చర్చి గుమ్మంలో.”

“గుమ్మం బయట. మీరే నిలబెట్టారు, లెక్క తప్పబాకండి.”

“జానీకి కూడా చెప్పేశా. నీ బదులు స్టెల్లా మేడమ్ నిలబడుతుంది. చదువుకున్న మనిషి, పెద్ద ఉద్యోగం, పద్ధతిగా ముసుగేసుకుంటుంది.”

“స్టెల్లా మేడమా? ఆవిడ కనుబొమ్మలు చూశారా?”

“కనుబొమ్మలకేమైంది?”

“పోయిన నెల సూదుల్తో పొడిపించుకుంది. రంగు లోపలికి దించారు. మొహం కడిగినా పోదు, ఏడ్చినా పోదు. అది పచ్చబొట్టు కాదా? పచ్చబొట్టుకి మీ కాగితంలో నంబరు లేదా?”

“ఉంది, ఒకటో నంబరు. కానీ ఆవిడది... బ్యూటీ ట్రీట్‌మెంటు.”

“పార్లర్లో పొడిస్తే ట్రీట్‌మెంటు, మా ఊళ్ళో సూదమ్మి పొడిస్తే పాపం. బాగుందన్నయ్యా మీ కాగితం. విల్లాలో ఉన్నోళ్ళని చూసి పక్కకి తప్పుకుంటది, వంటగదిలో ఉన్నోళ్ళకి సూటిగా తగులుద్ది.”

“పెద్ద లీడరు మాటలు మాట్లాడబాక.”

“లీడరు మీరు. నేను మాట్లాడేది ఆకలి మాట. అన్నయ్యా, నాకు పిల్లల్లేరు. మీకు తెలుసు. పదహారేళ్ళు మా ఆయనతో కాపురం చేశా, కడుపు పండలా. ఆయన పోయాడు. జానీకి రోజీని కుదిర్చింది నేను. పెళ్ళి చీర కొన్నది నేను. బిడ్డ పుట్టగానే జానీ ఫోన్ చేసి ‘పిన్నీ, దీనికి నువ్వే జ్ఞానతల్లివి’ అన్నాడు. నన్ను అమ్మా అని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఒక్కతి ఉంటది. ఆ ఒక్కదాన్ని స్టెల్లా మేడమ్ చేతిలో పెడతారా? నాకు నెలకు ఒక్క శుక్రవారం సెలవు. పన్నెండున్నరకి మా అరబ్బు డ్రైవరు నిజాముద్దీన్ భాయ్ బండేసుకుని గేటు దగ్గరుంటాడు. ఇవాళ దాటితే ఖలాస్. జ్ఞానస్నానం రెండోసారి చేయరుగా.”

“నాకు మాత్రం రాయి గుండెనా?”

“కొత్తగా కుట్టించుకున్న గుండేగా. ఎట్టుందో మీరే చెప్పాలి.”

“సరే. ఒక పని చేద్దాం. నిజమైన కారణం చెప్పు. జబ్బా? తలకి ఏమన్నా దెబ్బా? చెబితే నీ ఒక్కదానికి మినహాయింపు ఇస్తా. కమిటీకి నేను సర్దిచెబుతా.”

“చెప్పను.”

“ఎందుకు చెప్పవ్?”

“ఒట్టేశా.”

“ఎవరికి?”

“ఒకరికి.”

“ఫిబ్రవరిలో ఇండియా వెళ్ళావ్. వెళ్ళేటప్పుడు నడుం దాకా జడ ఉంది. నాకు గుర్తే. గుణదల తిరునాళ్ళకి వెళ్తున్నానంటే నీతోనే కదా కొవ్వొత్తులు పంపించాను? నా ఎత్తు కొవ్వొత్తులు!”

“మీ ఎత్తు కాదు, మోకాలెత్తు. వెలిగించే వచ్చా.”

“మరి అక్కడ ఏమైంది? గుండు చేయించుకున్నావా?”

“మళ్ళీ పెరుగుద్దిలే.”

“చేయించుకున్నావా? మొక్కా? మొక్కయితే మొక్కని చెప్పొచ్చుగా! అది భక్తి! దానికి రూలు అడ్డం రాదు. దేనికి మొక్కావ్?”

“నేను మొక్కలా.”

“మొక్కకుండా గుండు ఎవరు చేయించుకుంటారు?”

“నేను మొక్కలేదంటున్నాగా! అడగబాకండి ఇంక. మినహాయింపూ వద్దు, ఏమీ వద్దు. పక్కకి జరగండి, వెనకాల గోడకు నిలబడి చూస్తా. కనీసం నీళ్ళు పోసేటప్పుడు పిల్ల మొహం చూస్తా.”

హాలు తలుపు తెరుచుకుంది. బాలశౌరి భార్య ఆరోగ్యమ్మ బయటికొచ్చింది.

“గురవమ్మా! ఇక్కడేం చేస్తున్నావ్? లోపల పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది, రోజీ నీకోసం చూస్తోంది. రా!”

“వదినా, మీరు లోపలికెళ్ళండి. ఏం లేదు.”

“ఏం లేకపోతే కళ్ళెందుకు ఎర్రగున్నాయ్? ఏమండీ, ఏం చేశారు మీరు?”

“నేనేం చేశా ఆరోగ్యం? రూలు రూలే కదా. జుట్టు కత్తిరించుకున్న ఆడవాళ్ళు పీఠం దగ్గరికి...”

“జుట్టు?”

“వదినా. ఒట్టు.”

“ఉండు. ఏమండీ, ఈ జుట్టు కోసమా గురవమ్మను బయట నిలబెట్టారు?”

“వదినా, ఒట్టేయించుకున్నది మీరే. నోరు మూసుకో అన్నది మీరే.”

“వేయించుకున్నది నేనే, తీసేస్తున్నదీ నేనే. ఏమండీ, నవంబర్లో మిమ్మల్ని ఆపరేషన్ బల్ల ఎక్కించినప్పుడు నేను ఆస్పత్రి వరండాలో మోకాళ్ళ మీద ఉన్నా. గుణదల మరియమ్మా, ఈయన్ని లేపు తల్లీ, నా జడ నీ కొండకిస్తానని మొక్కుకున్నా.”

“తెలుసు. వద్దన్నాగా.”

“వద్దన్నారు. లేచి కూర్చుని గంజి తాగుతూ వద్దన్నారు. గుండు పెళ్ళాన్ని పక్కన పెట్టుకుని కంపెనీ ఫంక్షన్లకు ఎట్టా వెళ్తానన్నారు. జుట్టు బదులు కొవ్వొత్తులు పంపిస్తే పోతుందన్నారు. మరియమ్మ దగ్గర బేరం! నాకు రెండు నెలలు నిద్ర లేదు. మీరు గురక పెడితే బతికున్నారని సంతోషం, గురక ఆగితే భయం. మాట తప్పినందుకు అమ్మ మిమ్మల్ని వెనక్కి పిలుస్తుందేమోనని లేచి మీ ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసేదాన్ని.”

“ఆరోగ్యం...”

“ఒక శుక్రవారం అన్నం తింటూ ఇది చూసింది నా మొహం. అడిగింది. చెప్పా. ‘అమ్మకు కావాల్సింది జుట్టేగా వదినా, నాది మీ జడకంటే పొడుగు’ అంది. ఆ కొండ కింద కూర్చుని, నా పేరు చెప్పి, మీ పేరు చెప్పి, తన తల వంచింది. మీరు కాగితం మీద నాలుగో నంబరేసి పాపం అని రాసింది ఆ జుట్టు గురించి!”

“గురవమ్మా... నా కోసమా?”

“మీ కోసం అనుకోబాకండి! వదిన కోసం. మీరు పోతే వదిన సామానేసుకుని ఊరెళ్ళిపోద్ది. శుక్రవారం నాకు చేపల పులుసు పెట్టేదెవరు?”

“కానీ... మొక్కు ఒకరిది, తల ఇంకొకరిది. అది చెల్లుతుందా? ఎక్కడన్నా రాసుందా?”

“ఇక్కడ నిలబడి రూల్స్ చదువుతున్నారుగా అన్నయ్యా. చెల్లినట్టే.”

“అడిగారు చూడు ప్రశ్న, మొగుడుగారు! ఇంకోసారి అన్నారంటే రేపే టికెట్ తీసుకుని నేనూ గుండు చేయించుకొస్తా. మీ పక్కనే, ముందు బెంచీలో, ముసుగు లేకుండా కూర్చుంటా.”

“వద్దు వద్దు ఆరోగ్యం. అయిందేదో అయింది. గురవమ్మా, లోపలికి పదమ్మా. నీకు మినహాయింపు ఇచ్చేశా.”

“నాకొద్దు.”

“ఏంటి?”

“మినహాయింపు వద్దు. నా జుట్టు వెనక మీ ప్రాణం ఉందని తెలిసింది కాబట్టి నేను లోపలికా? లూర్దమ్మ పుడకల వెనక ఏముందో అడిగారా? ఎప్పుడన్నా ఎవర్నన్నా అడిగారా? ప్రతి ఒంటి మీదా ఏదో ఒకటి ఉంటది, దాని వెనక ఎవరో ఒకరు ఉంటారు. మీకు కనపడేది గీతలూ రంధ్రాలే.”

“సరే, సరే. వచ్చే మీటింగులో పెడతా. తీర్మానం చేసి...”

“మీటింగు మాఫీ! మీటింగు లేదు, తీర్మానం లేదు. అయిదు నిమిషాల్లో ఫాదరుగారు వస్తారు. పెన్ను జేబులోంచి తియ్యండి. మూత తియ్యండి. ఒక్క నాలుగోది కాదు, ఒకటి నుంచి కొట్టెయ్యండి, నాలుగూ. ఫోటో తీసి గ్రూపులో పెట్టండి, అందరూ దండాలు పెడతారు. లూర్దమ్మకు ఫోన్ చేసి, వచ్చే వారం పాటకు నువ్వే రావాలని మీ నోటితో చెప్పండి. ఇప్పుడు ఆ జ్ఞానస్నానాల రిజిస్టరు ఇటు తెప్పించండి. స్టెల్లా పేరు తీసి, పిల్ల పేరు పక్కన ‘జ్ఞానతల్లి, గురవమ్మ’ అని రాయండి. రాసి గట్టిగా చదవండి అన్నయ్యా. నాకు చదవటం రాదు.”