ఎర్ర గీత పడిన ఊరికి టికెట్టు

సభకు పెద్దగా ఉన్న మన యజమాని గారికి, నన్ను నాలుగు మాటలు పొగడడానికని లేచి మూడు మాటలు తన రైళ్ల గురించే చెప్పి కూర్చున్న విశ్రాంత స్టేషన్ మాస్టరు గారికి (నవ్వులు), ఇన్నేళ్లూ నా బల్లకు అటువైపు కుర్చీలో కూర్చుని "ఎక్కడికి వెళ్లమంటారు" అని అడిగి నేను చెప్పిన చోటికి నిజంగానే వెళ్లి వచ్చిన పెద్దలకు, వయసుతో పని లేకుండా నన్ను అందరికీ అక్కయ్యను చేసేసిన మన ట్రావెల్ ఆఫీసు వాళ్లందరికీ నమస్కారం. ముందు వరసలో మాటిమాటికీ చేతి గడియారం చూసుకుంటున్న ఆ మనిషి మా తమ్ముడు. తమ్ముడూ, చూశాను. తొందరగానే ముగిస్తాను.

నాకు మాట్లాడడం అలవాటు లేదు. ముప్పై ఒక్క ఏళ్లు నా పని అడగడం, వినడం, రాసుకోవడం. అందుకని మీరందరూ వారం రోజులుగా నన్ను వేధిస్తున్న ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పి దిగిపోతాను.

సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పోయిన వారం యజమాని గారు నన్ను లోపలికి పిలిచి, ఊరి పేరు రాయని టికెట్టు ఒకటి చేతిలో పెట్టి, ఇన్నాళ్లూ ఊరందరినీ మీరు పంపించారు, ఇప్పుడు మీరు వెళ్లండి, ఏ ఊరైనా సరే, వారం రోజులు అన్నారు. నేను ఆయన గది దాటి నా బల్ల దగ్గరికి వచ్చేలోపే ఆ మాట ఆఫీసంతా పాకింది. సముద్రం అన్నారు కొందరు. కొండలు అన్నారు కొందరు. పొద్దున్న దేవుడికి దండం పెట్టుకోనిదే మంచినీళ్లు కూడా ముట్టని మనిషి, పుణ్యక్షేత్రం తప్ప ఇంకెక్కడికి వెళుతుందని మన టెలిఫోను అమ్మాయి తేల్చేసింది. (నవ్వులు) ఆఫీసులో ఊరి పేరు తెలిసింది ఒక్కరికే, రేపటి నుంచి నా కుర్చీలో కూర్చోబోయే మన టికెట్ల చెల్లాయికి. తన చేత్తోనే రాయించాను. ఎవరికీ చెప్పనని ఒట్టు వేసింది, నిలబెట్టుకుంది. పాపం, రెండు రోజులు భోజనానికి కూడా మనతో కలిసి కూర్చోలేదు, నోరు జారుతుందేమోనని.

నాకు మొదటినుంచీ ఊళ్లంటే ఇష్టం. జనం నడిచే ఊళ్లు. అందులోనూ ఒకసారి పడిపోయి మళ్లీ లేచిన ఊళ్లంటే మరీ. ఓడలు రావడం మానేసిన రేవులో గిడ్డంగులను నాటకశాలలు చేసుకున్న ఊరు, ఎప్పుడో మూసేసి రోడ్డు వేసిన కాలువను మళ్లీ తవ్వి తీసి దాని ఒడ్డున నడుస్తున్న ఊరు, ఇలాంటివి సెలవులకు మన జనం అడగరు, మనమే చెప్పాలి. చెప్పేముందు ఆ ఊరు నిజంగా లేచిందా, లేక ముఖం కడుక్కుని కూర్చుందా, అది తెలుసుకోవడం ఎలా అనే కుతూహలం నన్ను ఇన్నేళ్లు ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టింది.

దానికోసమే కార్డుల పెట్టె పెట్టాను. ఊరికొక కార్డు. వెళ్లి వచ్చినవాళ్లను పిలిచి మూడే ప్రశ్నలు అడిగేదాన్ని. ఎక్కడ కూర్చున్నారు? దారి ఎవరిని అడిగారు? పొద్దున్న ఏ చప్పుడుకు లేచారు? కొత్తగా చేరినవాళ్లు మొదట్లో నవ్వుకునేవాళ్లు, హోటలు బాగుందా, తిండి బాగుందా అని అడగాలి గాని ఇదేమిటని. నా లెక్క ఇదీ. ఏమీ కొనకుండా కూర్చునే చోటు ఉందంటే ఆ ఊరు తనవాళ్ల కోసం కూడా బతుకుతోందని. పొద్దున్నే బడికి వెళ్లే పిల్లల గొడవకో, షట్టరు ఎత్తిన చప్పుడుకో లేచారంటే అక్కడ ఇళ్లున్నాయని. ఇక దారి సంగతి. ఒకసారి రంగులు వేసి, దీపాలు పెట్టి, పత్రికలన్నీ పొగిడిన ఊరికి ఒక పెద్దాయనను పంపాను. ఆయన వచ్చి, "అమ్మా, ఊరు అద్దంలా ఉంది. దారి అయిదుగురిని అడిగాను. అయిదుగురూ నాలాగే చూడడానికి వచ్చినవాళ్లే" అన్నారు. (నవ్వులు) ఆ ఊళ్లో ఒక్క చెప్పులు కుట్టే దుకాణం లేదట. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని తిరిగారట. ఆయన ఇక్కడే ఉన్నారు, చెయ్యెత్తారు చూడండి. ఆ కార్డు మీద అదే రాశాను, చెప్పుతో సహా.

కార్డులకు ఒక నిబంధన ఉంది. వెళ్లి తిరిగి వచ్చిన మనిషి నోటి మాట మీద తప్ప ఏ కార్డునూ మార్చకూడదు. పత్రికలో చదివామనీ, ఎవరో అన్నారనీ దిద్దకూడదు. ఆ నిబంధన పెట్టింది నేనే. దాన్ని తలచుకుని చాలాకాలం గర్వపడ్డాను కూడా. పంపకూడని ఊరికి ఎర్ర సిరాతో అడ్డగీత. పెట్టె మొత్తంలో నా చేత్తో అలా గీసిన కార్డు ఒక్కటే ఉంది.



అది మా ఊరు.

బట్టల మిల్లు ఊరు. నాన్న అక్కడ మగ్గాల మేస్త్రీ. మిల్లు కూతకు నిద్ర లేచేవాళ్లం, కూతకు అన్నం తినేవాళ్లం. మిల్లు మూతపడ్డాక అందరిలాగే మేమూ కదిలాం. ముగ్గురిలో పెద్దదాన్ని, ఈ ఆఫీసులో చేరాను, తమ్ముణ్ణి నా దగ్గర ఉంచుకుని చదివించాను. చెల్లెలు కదలలేదు. లేతు మిషను పనివాణ్ణి చేసుకుని అక్కడే ఉండిపోయింది. పంతొమ్మిదేళ్ల కింద కార్డు రాయడానికని నేను ఆ ఊరు వెళ్లాను. రెండు రోజులున్నాను. అయిదింటికే వీధులు ఖాళీ. వరసగా మూసిన షట్టర్లు. నది పక్కన నిలబడలేం, అంత కంపు. పొద్దున్న ఏ చప్పుడుకూ లేవలేదు, ఎందుకంటే ఏ చప్పుడూ లేదు. తిరిగి వచ్చి గీత గీశాను. ఆ రోజుకు అది నిజమే.

చెల్లెలికి తెలిసింది. కేకలేమీ వేయలేదు. "నేను కాపురం చేస్తున్న ఊరక్కా అది" అంది, అంతే. తరవాత పండగకో పబ్బానికో మా ఇంటికి వచ్చేది. నేను మాత్రం వెళ్లలేదు. రమ్మన్నప్పుడల్లా ఆఫీసు పని అనేదాన్ని.

పదకొండేళ్ల కింద ఒకరోజు ఉన్నట్టుండి ఆఫీసుకే వచ్చింది. పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది. చెప్పా పెట్టకుండా వచ్చి, ఖాతాదారుల కుర్చీలో కూర్చుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, "ఆ ఊరు చూసి వచ్చాను, రాసుకో" అంది.

"నువ్వు వెళ్లి రాలేదే, అక్కడే ఉంటున్నావు. అది చెల్లదు" అన్నాను.

"రోజూ పొద్దున్నే బజారుకు వెళ్లి తిరిగి వస్తున్నాను. ఎన్నిసార్లు తిరిగి వస్తే చెల్లుతుందో చెప్పు, అన్నిసార్లూ వచ్చి కూర్చుంటాను."

ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాను. తను నవ్వలేదు. నది ఒడ్డు శుభ్రం చేశారనీ, మొక్కలు నాటారనీ, మిల్లును పడగొట్టనివ్వకుండా వీధి వీధీ తిరిగి సంతకాలు పెట్టించామనీ చెప్పింది. మొక్కలు నాటగానే ఊరు బాగుపడిపోదని నేను అన్నాను. నా ముందున్న మనిషి సొంత చెల్లెలన్న సంగతి మరిచి, నిబంధన కాగితం చదివినట్టు అన్నాను. తను లేచి, కుర్చీ మళ్లీ బల్ల కిందకు సరిగ్గా తోసి, వెళ్లిపోయింది. ఆ తరవాత మా ఇంటికీ రావడం తగ్గించింది. ఫోనులో క్షేమసమాచారాలే. అదీ తమ్ముడి ద్వారా.

ఇప్పుడు ఆలోచించండి. ఎర్ర గీత ఉన్న ఊరికి మనం ఎవరినీ పంపం. ఎవరినీ పంపకపోతే ఎవరూ తిరిగి రారు. ఎవరూ తిరిగి రాకపోతే కార్డు మారదు. నా నిబంధనకు ఉన్న ఈ కంత పంతొమ్మిదేళ్లు నాకు కనపడలేదు. లెక్క తప్పలేదు, పద్ధతి తప్పలేదు, పెట్టె నీటుగానే ఉంది.

మూడు నెలల కింద ఒక పంతులు గారు, ఆయన భార్య వచ్చారు. సెలవులకు ఊరు కావాలి, లేచి నిలబడిన ఊరు కావాలి అన్నారు. కాలువ ఊరికి పంపాను. దారిలో వంతెన మరమ్మతని బండి మూడు రోజులు ముందుకు కదలలేదు. కదలనిచోట దిగి, అక్కడే తిరిగి, వెనక్కి వచ్చేశారు. అది మా ఊరు. వాళ్లకు ఆ సంగతి తెలియదు. అలవాటు ప్రకారం నేను కలం తీసి అడిగాను, ఎక్కడ కూర్చున్నారని.

"నది మెట్ల మీదండీ. సాయంత్రమంతా. ఊళ్లోవాళ్లూ అక్కడే ఉంటారు. ఎవరూ లేవమనలేదు" అన్నారు పంతులు గారు.

ఏ చప్పుడుకు లేచారు అన్నాను. మిల్లు కూతకు అన్నారాయన. మిల్లు నడవడం లేదు కదండీ అన్నాను. లేదట. అందులో సగం గ్రంథాలయం, సగం చేతిపనివాళ్ల దుకాణాలట. కూతను మాత్రం ఉంచుకున్నారట, పొద్దున్న ఏడింటికి ఒక్కసారి. పిల్లలు దానికే బడికి లేస్తారట.

నేను కలం కింద పెట్టేశాను. మిగిలిన ప్రశ్న నేను అడగలేదు. పంతులు గారి భార్యే చెప్పింది.

"దారి అడగాల్సిన పని పడలేదండీ. ఊరు చూపించే ఆవిడ ఒకరున్నారు, మిల్లు గేటు దగ్గర నుంచి నడిపిస్తారు. మీలాగే మాట్లాడతారు, కాస్త మందలించినట్టు. ఊరి గురించి బయట ఎవరికీ ఎందుకు తెలియదని అడిగాను. మా అక్క చెయ్యి ఊపితే జనం ఎక్కడికైనా కదులుతారు, ఇటువైపు తిప్పి ఊపలేదు, అంతే, అన్నారు. నవ్వుతూనే అన్నారు."

(నీళ్లు తాగి)

ఇల్లు చేరాక ఆ సాయంత్రం ప్రార్థనకు కూర్చున్నాను. నేను రోజూ దేవుడిని అడిగేవాటిలో మా ఊరు ఒకటి. ఆ ఊరిని చల్లగా చూడు తండ్రీ అని మిల్లు మూసిన నాటి నుంచీ ఒక్కరోజు మానకుండా అడిగాను. ఆ పూట అదే అడగబోయి ఆగిపోయాను. ఆయన ఎప్పుడో ఇచ్చేశాడు. నేను చూసుకోలేదు. ఇచ్చినదాన్ని చూడకుండా మళ్లీ మళ్లీ అడుగుతూ కూర్చున్నాను.

ధైర్యం చేయడానికి ఇంకా రెండు నెలలు పట్టింది. పోయిన వారం ఈ టికెట్టు చేతికి వచ్చాక చెల్లెలికి ఫోను చేశాను. వస్తానే అన్నాను.

"ఎవరిని చూడడానికి?" అంది.

నిన్ను అనబోయాను. అననివ్వలేదు.

"నన్ను చూడడానికైతే వద్దక్కా. ముఖం చూసి, కంటనీరు పెట్టుకుని, ఊరిని చూడకుండానే వెళ్లిపోతావు. ఊరు చూడడానికి రా. మా ఇంట్లో దిగకు, నది పక్క హోటల్లో దిగు. నా నడక పొద్దున్న తొమ్మిదింటికి మిల్లు గేటు దగ్గర మొదలవుతుంది. అందరితో పాటు వరసలో నిలబడు. ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం నేను ఆగను."

"మరి ఇంటికెప్పుడు?" అన్నాను.

"ముందు నడువు. చూద్దాం" అంది.

అదీ నా జవాబు. సముద్రం కాదు, కొండలు కావు. టెలిఫోను అమ్మాయీ, ఒక విధంగా నువ్వే గెలిచావు. (నవ్వులు)

ఇదిగో, ఆ కార్డు. పెట్టెలో నుంచి తీసి తెచ్చాను. గీత ఇంకా అలాగే ఉంది. పంతులు గారి మాట మీద అప్పుడే మార్చి ఉండవచ్చు, నిబంధన ఒప్పుకుంటుంది. చెయ్యి రాలేదు. గీసినది నేను, నా కాళ్లతో నడిచాకే చెరపాలి. టికెట్ల చెల్లాయీ, ఇటు రామ్మా. ఇది నీ దగ్గర ఉంచు. వారం తరవాత నేను వస్తాను. నా పాత కుర్చీలో కాదు, అటువైపు కుర్చీలో కూర్చుంటాను. మూడు ప్రశ్నలూ అడుగు. అక్కయ్య కదా అని ఒక్కటి కూడా వదలకు. నేను చెప్పింది నచ్చితేనే దిద్దు. ఇంకొకటి. ఆ నిబంధన కింద ఒక వాక్యం చేర్చు. ఎర్ర గీత ఉన్న ఊరికి ఏడాదికి ఒకసారి, గీత గీసినవాళ్లే వెళ్లి చూసి రావాలి.

నాకు పని ఇచ్చిన యజమాని గారికి, మూడు ప్రశ్నలకు ఓపికగా జవాబులు చెప్పిన మీ అందరికీ, వంతెన సరైన చోట పాడయ్యేలా చూసిన పైవాడికి కృతజ్ఞతలు.

తమ్ముడూ, ఆరున్నర బండికి ఇంకా నలభై నిమిషాలుంది కదా. సంచి అందుకో. ఇప్పటికే పంతొమ్మిదేళ్లు ఆలస్యం. ఆవిడ ఆగదట.

సెలవు.