పుక్కిట్ల పట్టిన నీలం నీళ్లు

"పెద్దమ్మా, కరోనాల నువ్వు నోరు పుక్కిలించే మందు మింగినవట గదా?"

ఎవరు చెప్పిన్రే నీకు? మీ అమ్మనే గదా. దాని కడుపుల మాట ఆగదు. సరే ఇను. అప్పుడు నేను గల్ఫ్‌ల, బుసైతీన్ అనే ఊర్ల ఒకరింట్ల పనికుంటి. ఇంటాయనను బాబా అంటం, ఇంటామెను మామా అంటం, నీకెరుకేనాయె. ఐదేండ్లు చేసిన గని బాబా ముంగట తలెత్తి ఒక్క మాట అన్లే. ఏదన్న కావాల్నంటే మామాకు చెప్తుంటి.

కరోనా రాంగనే మామా ఎక్కడ్నో ఇన్నది, ఆ నీలం నీళ్లు పుక్కిలిస్తే నోట్ల వైరస్ చస్తదని. ఇగ పొద్దుమాపు ఇంటిల్లిపాది పుక్కిలించుడే. నిమిషం పట్టాల్నట. ఆమె ఫోన్ల టైం చూసుకుంట నిలబడేది, నడుమల ఊస్తే మళ్ల మొదటికి. సీస రెండు దినార్లో, కాదు కాదు, రెండున్నర. మంటంటే మంటనా, పచ్చిమిర్చి నమిలినట్టే.

మా సునీతకు అప్పుడే నెలలు నిండుతున్నయ్. తొలి కాన్పు. తల్లిని, నేను పోవద్దా? విమానాలేమో బందు.

ఒకనాడు పొద్దుగాల నీళ్లు నోట్ల పోసుకున్న, బాబా చెవికి ఫోన్ పెట్టుకొని వంటింట్లకొచ్చి సింకుకు ఆనుకొని నిలబడ్డడు. "సర్కారు ఏసిన విమానంల ఇండియాకు ఒక్క సీటే ఉన్నదట. పోతవా? ఇప్పుడే చెప్పు, ఇంకొకామె అడుగుతున్నది" అన్నడు హిందీల. తల ఊపొచ్చు గదా అంటవ్. ఊపిన. పుక్కిలించేటోళ్లు తల ఊపరా? గట్లనే అనుకున్నడు. చెయ్యి ఊపితే ఆగమంటున్న అనుకున్నడు. ఊసేద్దామంటే సింకుకు ఆయనే అడ్డం, మొగమనిషి ముంగట ఎట్ల ఊస్తనే? మామా ఏమో "ఇంక ఇరవై సెకండ్లు" అంటది.

"సరే, ఆమెకే ఇయ్యి" అని బాబా ఫోన్ల అనబోయిండు. గుటుక్కున మింగిన. "జావుంగీ బాబా, మై జావుంగీ" అని, పోత పోత అని ఒర్లిన. నాకు గంత గొంతుందని నాకే తెల్వది. బాబా మామా దిక్కు చూసి "ఈమెకు మాటలొస్తయా?" అన్నడు.

సీటు దొరికింది. మామాకే భయం పట్టి డాక్టర్‌కు ఫోన్ చేసింది. "ఒక్క గుక్కకేం కాదు, నీళ్లు తాగుమను" అన్నడట. "అది నోట్ల వైరస్‌ను కొంచెంసేపు తగ్గిస్తదేమో గని, ముక్కులకు పోయినదాన్ని ఏం చేయదు, మాస్కు ఇడవకున్రి" అని గూడ చెప్పిండట. అయినా మామా పుక్కిలించుడు ఇడ్వలే.

ఊరికి పోయి పద్నాలుగు దినాలు వేరే అర్రల ఉన్న. పదహారో నాడు సునీతకు నొప్పులు. దవాఖాన్ల నర్సమ్మ నన్ను బయటికి పొమ్మన్నది. పోను అన్న. అవు, నేనే అన్న. సునీత చెయ్యి పట్టుకొని ఆన్నే నిలబడ్డ.

నీకు గూడ ఇప్పుడు నెలలు నిండవట్టె, సల్లగుండు బిడ్డా. నీ కాన్పు నాడు గూడ నేను పక్కనే ఉంట, ఎవ్వలేమన్న గని...