కొరియా పోలీసులకు గొంతిచ్చినోడు

"తాయారమ్మా, నాకో చాయ్ పొయ్యి. ఆ బల్ల చివర మూట పెట్టుకుని కూచున్న సన్నన్నకు గూడ ఒకటి పొయ్యి. నేను పొయ్యమన్నట్టు చెప్పకు, తాగడు. మూడేండ్లాయె నాతో మాట్లాడక. ఇయ్యాల బీజాపూర్ జీపెక్కి, ఆడికెళ్లి కిరందుల్ గనుల కాడున్న కొడుకు దగ్గరికి పోతుండట. ఇంక బాసగూడకు రాడట. పోనీ, నాకేంది?"

"నీకేం లేకపోతే తెల్లారి నుంచి ఈడెందుకు కూసున్నవ్ రాఘవులన్నా?" అంది తాయారమ్మ, చాయ్ వడపోస్తూ. "సినిమాకు ఇద్దరు గలిసి మాటలు చెప్పేటోళ్లు. ఆయన జరంతో పండుకున్ననాడు నువ్వొక్కడివే చెప్పి, ఆయన గొంతిచ్చే సినిమా పోలీసును పిరికోణ్ణి జేసి సంతనంత నవ్విస్తివి. తప్పయిందని ఒక్క మాట అనరాదా?"

"తప్పా? నా గొంతు సంగతి నీకు తెల్వదు. హిడ్మా, నువ్వు ఊరికి కొత్త, ఇటు జరుగు, చెప్త. మన గుట్టల ఇనుపమన్ను రైలెక్కి విశాఖపట్నం పోయి, ఆడ ఓడెక్కి జపానుకో కొరియాకో పోయే రోజులవి. మన్ను అటు పోతుంటే సినిమా సీడీలు ఇటొస్తుండె. మన్నురైలు డ్రైవరొకాయన నాకో కొరియా సీడీ ఇచ్చిండు. సంతల నల్లపరదా గట్టి, జనరేటర్ పెట్టి, టీవీల ఏసినం. ఇద్దరు పోలీసులు. ఒకడు లావోడు, ఒకడు బక్కోడు. ఒక్క నిమిషం పడదు. దొంగ గల్లా పట్టకముందే ఒకని గల్లా ఒకడు పడతరు. వాళ్ల భాష మన సంతల ఎవనికొస్తది? అందుకే మైకు పట్టుకుని లావోని మాటలు నేను తెలుగుల చెప్పేది, బక్కోని మాటలు సన్నన్న తన ఇంటి భాష దోర్లిల చెప్పేది."

"నీకు కొరియా భాష వచ్చునా దాదా?" అన్నాడు హిడ్మా.

"రాకపోతేనే మంచిది. వచ్చినోడు ఉన్నదున్నట్టు చెప్పి చెడగొడతడు. ఇంక విను. ఒకనాడు సినిమా నడుమ డీజిల్ అయిపోయింది. టీవీ నల్లబడ్డది, మైకు సచ్చింది. నేను ఆగిన్నా? ఉత్త గొంతుతోని గంటసేపు చెప్పిన. కార్లు ఉరుకుడు, తుపాకులు పేలుడు, వంతెన మీదికెళ్లి దుంకుడు, అన్ని నోటితోనే. జనం ఆ నల్ల టీవీనే కండ్లార్పకుండ చూసిన్రు. డీజిల్ తెచ్చి మళ్ల బొమ్మ ఏస్తే, అడ్డమొస్తుందని నన్ను తిట్టిన్రు."

"ఆ రోజు నేనున్న," అన్నాడు చుట్ట వెలిగిస్తున్న ముసలయ్య. "సగం మంది నిద్రపోయిన్రు. మిగిలినోళ్లు కోళ్లపందేనికి పోయిన్రు."

"నీకు చెవులు పోయి ఎన్నేండ్లాయె ముసలయ్యా, నీ సాక్ష్యం ఎవడడిగిండు? ఆ తర్వాత ఏమైందో తెలుసా హిడ్మా? కొరియోడు రెండు ముక్కలంటే నాకు తెలుగుల పది ముక్కలు గావాలె. మొదట్ల వాడు ఉరికేటోడు, నేను ఎనకబడేటోణ్ణి. నాలుగు సంతలు గడిచినంక చూద్దునా, లావోడు నోరు మూసుకుని టీవీలకెళ్లి నా దిక్కే చూస్తుండు. నా మాటయ్యేదాక ఆగుతుండు. దొంగోడు తుపాకి పేలిస్తే గుండు గాలిలనే నిలబడ్డది. నేను చాయ్ తాగి, బీడీ ముట్టించి, 'లావోడా, వంగు' అన్నంకనే అది కదిలింది."

"గుండు ఆగిందా?"

"ఆగదా మరి? మర్యాద తెలిసిన గుండు."

"సీడీ మీద గీత పడ్డది, అందుకే బొమ్మ ఆగేది," అన్నాడు ముసలయ్య.

రాఘవులు ఆ మాట విననట్టే బల్ల చివరకు ఓసారి చూశాడు. అక్కడ సన్న మాత్రం రోడ్డు వైపే చూస్తున్నాడు. రాఘవులు గొంతు ఇంకాస్త పెంచాడు.

"సీడీ కోసం కిరందుల్ పోయిననాడు మన్నుడబ్బాల పక్కన నిలబడి నా మాటలు ఓసారి అనుకున్న. ఆ మన్నుకు నా గొంతంటుకున్నది. కొరియాల కొలిమిల ఏసి కరిగిస్తే, కుతకుత ఉడుకుతున్న ఇనుములకెళ్లి 'లావోడా, వంగు' అని ఇనబడ్డది. కొలిమి కాడి పనోళ్లు అందరు టక్కున వంగిన్రు. ఇదేం భాష, ఈ గొంతెవనిదని సర్కారే ఎంక్వైరీ ఏసింది. ఆఖరికి ఆ ఇద్దరు పోలీసులే నన్ను ఎతుక్కుంట ఓడల విశాఖకు, ఖాళీ మన్నురైల్ల కిరందుల్‌కు, జీపు టాపు మీద ఈడికి వచ్చిన్రు. ఒళ్లంత ఎర్రదుమ్ము. ఇదే బల్ల మీద కూసున్నరు. ఈ కొసకొకడు, ఆ కొసకొకడు. నడుమ మాటల్లేవు."

"నా బల్ల మీద కొరియోళ్లు కూసుంటే నాకే తెల్వకపాయె," అంది తాయారమ్మ.

"నువ్వు ఇప్పపువ్వు ఏరబోయినవ్."

"మాటలెందుకు లేవు దాదా వాళ్లకు?" అని హిడ్మా అడిగాడు.

అంతసేపూ గలగలా మాట్లాడిన రాఘవులు గ్లాసు అడుగుకేసి చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "బక్కోడు జరంతో పండుకున్ననాడు లావోడు ఒక్కడే ఆటాడిండట. జనం నవ్వుతరని బక్కోణ్ణి పిరికోణ్ణి జేసిండట. జనం బాగ నవ్విన్రు. బక్కోడు గుడిసెల పండుకుని ఆ నవ్వంత విన్నడు." అంతలోనే తలెత్తి గొంతు సవరించుకున్నాడు. "అయితేంది, నేనుండంగ? ఒక్క నిమిషంల కలిపిన. ఇద్దరు కావలించుకుని ఏడ్సిన్రు. ఆ కన్నీళ్లకు తాలిపేరు వాగు పొంగి మూడు రోజులు జీపులు నడవలే. కొరియా సర్కారు నాకు ఓడ పంపిస్తనన్నది, ఈడ కట్టేయ తావు లేదని నేనే వద్దన్న."

"ఏమని కలిపినవ్?"

అడిగింది హిడ్మా కాదు. బల్ల చివర నుంచి సన్న. తాయారమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"సముద్రం అవతలోళ్లను నిమిషంల కలిపినోడివి," అన్నాడు సన్న, ఇంకా రోడ్డు వైపే చూస్తూ. "నీ గడపకు నా గడపకు నడుమ ఒక్క మక్కచేను. మూడేండ్లల దాటలేకపోతివి గదా రాఘవులూ."

ముసలయ్య నవ్వబోయి ఆపుకున్నాడు. అవతల జీపు హారన్ కొడుతోంది. సన్న మూట ఎత్తి భుజాన వేసుకున్నాడు. రాఘవులు లేచి ఆయన వెనకే నడిచాడు. జీపు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"సిగ్గయింది సన్నన్నా," అన్నాడు చివరికి. "రెండుసార్లు చేను నడుమదాక వచ్చి మళ్లిపోయిన. తప్పు నాదే. నీకు జరమని తెలిసి గూడ, జనం నవ్వుతుంటే నాకు ఆపబుద్ధి గాలే. నువ్వు లేనంక మూడు సంతలేసిన. నాలుగో సంతకు ఒక్కడు రాలే. సినిమాల జనానికి కావలసింది నీ బక్కోడే."

సన్న ఆయన ముఖంలోకి చూశాడు. ఇందులో ఎంత కోత, ఎంత నిజం అని తూచుకుంటున్నట్టున్నాడు. తర్వాత జీపెక్కి, పక్కన చోటు వదిలి మూటను ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఎక్కు. బీజాపూర్ దాక రా. సినిమా ఆఖరి కొట్లాటల బక్కోడు నిజంగ ఏం జేసిండో నేను చెప్త. నువ్వు నోరు మూసుకుని విను."

రాఘవులు ఎక్కి కూర్చున్నాడు. జీపు వంతెన మీదికి చేరేసరికి ఒక గొంతు దోర్లిలో, ఒక గొంతు తెలుగులో, రెండూ ఒకేసారి పోట్లాడుకోవడం చాయ్ కొట్టు దాకా వినబడింది.