సన్మాన పత్రంలోకి నా తక్కెడ ప్రసంగం వచ్చిన వైనం

నా పేరు పంపన్న. తండ్రి కెంచప్ప. వయసు యాభై రెండు. బళ్లారి బజారులో పంపు స్టవ్వులు బాగుచేయడం నా వృత్తి. శుక్రవారం సాయంత్రాలు ధర్మప్రసంగం చేయడం నాకు నేనే పెట్టుకున్న పని. బడికి నాలుగో తరగతి వరకే వెళ్లాను. పురాణం మటుకు ఎవరూ చెప్పకుండా నేనే చదువుకున్నాను. ఆ గ్రంథం ఇప్పుడు కూడా నా చంకలోనే ఉంది. కన్నడం మాట్లాడతాను గానీ రాయలేను గనుక, ఎస్సైగారి అనుమతితో ఈ వాంగ్మూలం 1994 అక్టోబరు 17, సోమవారం, ఉదయం పది గంటలకు స్టేషనులో కూర్చొని తెలుగులో నా చేత్తోనే రాస్తున్నాను. ప్రసంగంలాగా రాయవద్దని ఎస్సైగారు రెండుసార్లు చెప్పారు. ప్రయత్నిస్తాను.

ముందుగా ఒక మాట. విజయమ్మగారి కంప్యూటరును నిన్న సాయంత్రం పోలీసువారు తెచ్చి ఈ గదిలోనే బల్లమీద పెట్టారు. దాని నెత్తిన ఎవరో టీ గ్లాసు పెట్టారు. నేను తీసి కిటికీలో పెట్టాను. ఆమె గాంధీనగర్‌లో ఇంటి ముందుగదిలో టైపు చేసి బతుకుతున్నది. భర్త లేరు. ఆ యంత్రమే ఆమెకు అన్నం. ఆమె తప్పు లేదు. తప్పు నా వేలిది.

14వ తేదీ శుక్రవారం వర్తక సంఘం కార్యదర్శి రాజగోపాలయ్యగారు, బదిలీ మీద పోతున్న తూనికల ఆఫీసరు శ్రీమన్నారాయణగారి కోసం ఆమె దగ్గర సన్మాన పత్రం టైపు చేయించారు. ఆ ఫైలుకు ఇంగ్లీషు అక్షరాల్లో ‘శ్రీ’ అని పేరు పెట్టించారు. ఇది నాకు అప్పుడు తెలియదు.

15వ తేదీ శనివారం సాయంత్రం నాలుగున్నరకు నేను నా తక్కెడ ప్రసంగం పట్టుకొని వెళ్లాను. దొంగ తూకం గురించి పదకొండేళ్లుగా చెబుతున్న ప్రసంగం అది. కాగితాలకు కిరసనాయిలు తగిలి చిరుగుతుంటే, కంప్యూటరులో దాచుకోమని ఆమే సలహా ఇచ్చింది. నేను చదువుతుంటే ఆమె టైపు చేసింది. నేను కాస్త గట్టిగా చదువుతాను. పక్కింటివారు వచ్చి, ఎవరిని తిడుతున్నారని అడిగి వెళ్లారు.

ఐదూ ముప్పావుకు పూర్తయింది. రాసినది దాచడానికి యంత్రం పేరు అడుగుతుంది. ఆమె నా పేరే కొట్టింది. అంతలో వంటింట్లోంచి పాలు మాడిన వాసన వచ్చింది.

“నువ్వేమీ ముట్టుకోవద్దు పంపన్నప్పా. అది ఏమన్నా అడిగితే నన్ను పిలువు” అని లోపలికి పోయింది.

నేను తెర చూశాను. ధర్మం చెప్పిన కాగితం నెత్తిన పంపన్న అని ఉండడమా? అహంకారం! ఆ ఒక్క అహంకారం చేత ఎన్ని సింహాసనాలు బూడిదయ్యాయో, ఎన్ని కిరీటాలు దుమ్ములో దొర్లాయో, పురాణం తెరిస్తే... (ఎస్సైగారు దగ్గారు.) చెరిపే మీట ఏదో ఆమె వాడుతుండగా చూసి ఉన్నాను. దానితో నా పేరు చెరిపి ‘శ్రీ’ అని కొట్టాను. నాకు రాయవచ్చిన ఇంగ్లీషు ఆ మూడక్షరాలే. బజారులో సగం దుకాణాల బోర్డులు వాటితోనే మొదలవుతాయి.

యంత్రం ఇంగ్లీషులో ఏదో అడిగింది. చివర రెండక్షరాలు, వై, ఎన్. వై అంటే అవును, ఎన్ అంటే కాదు అని విజయమ్మగారు అంతకుముందే చూపించి చెప్పి ఉన్నారు. పిలవవలసింది. పిలవలేదు. శ్రీకారం చుట్టిన పనికి మొదటి జవాబు ‘కాదు’ అని ఎవరైనా అంటారా? ఇంట్లో బియ్యం అయిపోతే కూడా లేవనం, నిండుకున్నాయంటాం. వై నొక్కాను. ఆ పేరుతో ముందే ఒకటి ఉంది, దాన్ని చెరిపి దీన్ని నిలపమంటావా అన్నది ఆ ప్రశ్న అని నిన్న ఈ స్టేషనులో తెలిసింది.

ఆమె తిరిగి వచ్చి ఏమన్నా అడిగిందా అంది. అంతా శుభమేనమ్మా అన్నాను. అది అబద్ధం కాదు. నిజమూ కాదు.

ఆదివారం ఉదయం తొమ్మిదికి రాజగోపాలయ్యగారు ఆటో ఆపకుండానే పత్రం అడిగారు. శుక్రవారం దిద్ది పెట్టినదే కదా అని ఆమె తెరమీద తెరిచి చూడకుండా, ఆ పేరుతో ఉన్నది ప్రింటు తీసి, చుట్టి, జరీ దారం కట్టి ఇచ్చింది.

పదకొండింటికి సంఘం హాలులో సభ. నేను వెనక వరుసలో ఉన్నాను. రాజగోపాలయ్యగారు దారం విప్పి “తక్కెడ పట్టిన నరుడా!” అని కంచు గొంతుతో మొదలుపెట్టారు. నా ప్రసంగాన్ని సంఘంవారు ఇంత గౌరవంగా వాడుకుంటున్నారా అని మొదట సంతోషించాను కూడా. “నీ చెయ్యి వాలును, యముని చెయ్యి వాలదు” అన్నచోట సభలోవారు చప్పట్లు కొట్టారు. తాను చదివేది తాను వినే అలవాటు రాజగోపాలయ్యగారికి లేదు. “ఒకరి తూకం చూచి చూచి నీ పొట్ట పెంచితివి, దాన్ని ఏ తక్కెడలో పెట్టెదవు?” అన్నచోట చప్పట్లు ఆగాయి. వర్తకులు ఎవరి పక్కవారిని వారు చూశారు. ముందు వరుసలో శ్రీమన్నారాయణగారు దండ తీసి కుర్చీమీద పెట్టి లేచారు.

“ఇదంతా నా గురించే కదా. మీకు ఎవరు చెప్పినారు?” అన్నారు.

ఆయన భోజనం చేయకుండా వెళ్లిపోయారు. నేనూ విజయమ్మగారూ కూడబలుక్కొని ఆఫీసరును అవమానించామని రాజగోపాలయ్యగారు ఫిర్యాదు ఇచ్చారు.

ఈ ఉదయం ఎస్సైగారు నన్ను అడిగిన ప్రశ్న ఒకటే. “ఆ తక్కెడోడు యారప్పా? పేరు చెప్పు, అందరం ఇంటికి పోతాం.”

ఎవరూ కాదు. ఈ ప్రసంగం కంప్లిలో వరి వ్యాపారుల ముందు చెప్పాను. తోరణగల్లు బస్టాండులో చెప్పాను. బళ్లారి బజారులో లెక్కలేనన్నిసార్లు చెప్పాను. ప్రతిచోటా అయిపోగానే ఎవరో ఒకరు వచ్చి, “మా ఎదురంగడోనికి బాగా తగిలించినావప్పా” అని నా చేయి పట్టుకొని మెచ్చుకున్నారు. పదకొండేళ్లలో ఇది నాకు తగిలిందని లేచి నిలబడిన మనిషి శ్రీమన్నారాయణగారు ఒక్కరే. మీట నొక్కినందుకు ఆయనకు క్షమాపణ చెబుతాను. మాటలకు చెప్పను. ఆయనకు సన్మానం తిరిగి జరగాలి. ఈసారి పత్రం నేనే రాస్తాను.

పన్నెండున్నరకు ఎస్సైగారు “సంతకం పెట్టు స్వామీ, ఊటకి పొద్దాయ” అని భోజనం వేళ గుర్తుచేశారు. ఆ యంత్రం విజయమ్మగారి ఇంటికి బయలుదేరితేనే పెడతానన్నాను. బలవంతంగా వేలిముద్ర వేయిస్తామన్నారు. నా వేలి సంగతి ఇంతసేపూ రాసింది చదవలేదా అన్నాను. ఒంటిగంటా పదికి ఇద్దరు కానిస్టేబుళ్లు దాన్ని మోసుకెళ్లి రిక్షాలో పెట్టారు. స్టేషను బయట కాచుకొని ఉన్న విజయమ్మగారు పక్కన కూర్చొని, దానిమీద కొంగు కప్పింది. రిక్షా మలుపు తిరిగేవరకు చూశాను.

ఇందులో ఉన్నది నేను చేసినదీ, కళ్లారా చూసినదీ, నమ్మకమైనవారి నోట విన్నదీ. ఒకరి భయంతో గానీ ఒకరి మెప్పు కోసం గానీ ఒక్క మాట చేర్చలేదు. చంకలోని గ్రంథం సాక్షిగా ఇదంతా సత్యం.

(సంతకం) పంపన్న
మధ్యాహ్నం ఒంటిగంటా పదిహేను