మూడో వైపు కేబుల్

నా వయసు నలభై ఒకటి. సెల్ టవర్ల సిగ్నల్ నాణ్యత కొలిచే టెక్నీషియన్‌ని. పదహారేళ్ళుగా ఇదే పని. ఎవరి బలవంతమూ లేకుండా, నా అంతట నేనే పోలీసు స్టేషన్‌కు వచ్చి ఇది చెబుతున్నాను.

మంగళవారం మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు నీళ్ళ ట్యాంకు పక్కనున్న ఐదంతస్తుల మేడ ఎక్కాను. దాని మీది టవర్ మూడు వైపులకు సిగ్నల్ పంపుతుంది. మూడో వైపున మా అక్క ఇల్లుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఆమెకు ఉబ్బసం.

కొలిచేటప్పుడు యాంటెన్నాకు పోయే కేబుల్ విప్పి, ఆ చోట లోడ్ అనే లోహపు దిమ్మ బిగిస్తాం. సిగ్నల్ గాలిలోకి పోకుండా ఆ దిమ్మలోకి పోయి వేడిగా మారిపోతుంది. కొలత అయ్యాక దిమ్మ తీసి కేబుల్ మళ్ళీ బిగించాలి.

మూడో వైపు కొలత ఈ పదహారేళ్ళలో ఎన్నడూ రానంత శుభ్రంగా వచ్చింది. మీటర్ ఫోటో తీసి సూపర్‌వైజర్‌కు పంపాను. "అబ్బో, గురువుగారూ! అద్దంలా ఉందండీ" అని ఆయన జవాబిచ్చాడు. ఆ మురిపెంలోనే మీటర్ సంచిలో వేసుకుని దిగిపోయాను. దిమ్మ తీయలేదు. కేబుల్ బిగించలేదు. సంచి తేలిగ్గా ఉందని కూడా తోచలేదు. దిమ్మ ఉన్నంతసేపూ టవర్ మిషన్‌కు అంతా బాగున్నట్టే కనబడుతుంది. అలారం మోగదు.

బుధవారం ఉదయం పదిన్నరకు మేనకోడలు ఫోన్ చేసింది. పదకొండేళ్ళ పిల్ల.

"మావయ్యా, అమ్మకి ఊపిరాడట్లేదు! ఇంట్లో ఫోన్‌కి సిగ్నల్ గీతలే రావట్లేదు. డాబా ఎక్కా, కుర్చీ ఎక్కా. పక్కింటోళ్ళ ఫోన్లూ అంతే. మెయిన్ రోడ్డు దాకా పరిగెత్తుకొచ్చా."

అంబులెన్సు నేనే పిలిపించాను. అది చేరేసరికి పది యాభై. అక్క పోయి పావుగంటయిందన్నారు. పావుగంట, సార్.

పన్నెండూ ఐదుకు మేడ ఎక్కి టవర్ కేబుళ్ళుండే పెట్టె తలుపు తెరిచాను. కేబుల్ వేలాడుతోంది. దిమ్మ కాలిపోతోంది. రెండు చేతులా పట్టుకోవలసింది, కుడిచేత్తోనే పట్టుకున్నాను. వెంటనే చెయ్యి తీయలేదు. తీయబుద్ధి కాలేదు. తర్వాత దిమ్మ విప్పి కేబుల్ బిగించాను.

సూపర్‌వైజర్ వచ్చి దిమ్మ పట్టుకుపోయాడు. "రిపోర్టు శుభ్రంగా ఉంది. నోరు మూసుకో. పోయిన మనిషి తిరిగొస్తుందా?" అన్నాడు. మీరు కూడా "బాధలో ఏదో అంటున్నావయ్యా, ఇంటికెళ్ళు" అన్నారు. బాధలో కాదు సార్. రాసుకోండి. మీ కాళ్ళు పట్టుకుంటాను, రాసుకోండి. సాక్ష్యమేదని అడిగారు. ఇదిగో నా అరచెయ్యి.

నిన్న సాయంత్రం మేనకోడలు నా పక్కన కూర్చుంది.

"మా ఇంటి వైపు టవర్ చూసేది నువ్వేగా మావయ్యా? బాగు చెయ్యవా?"

"చేసేశానమ్మా" అన్నాను.

పిల్ల ఫోన్ తీసి చూసింది. నాలుగు గీతలూ ఉన్నాయి.

పైన రాసినదంతా నాకు చదివి వినిపించారు. అంతా జరిగినదే, ఒక్క మాట కూడా మార్చవలసింది లేదు. కుడి చెయ్యి బొబ్బలెక్కి కలం పట్టలేనందున ఎడమ బొటనవేలి ముద్ర వేస్తున్నాను.

(ఎడమ బొటనవేలి ముద్ర)