తడిబట్టలు అడిగిన రోజు

రా, లోపలికి రా, ముందు ఆ తలుపు వెయ్యి. ఎదురింటావిడ తను వంటింట్లో ఉన్నా చెవులు మాత్రం మెట్లమీదే ఉంటాయి. ఆఁ, ఇప్పుడు చెప్పు, నిన్నెవరు పంపారు? ఎవరూ పంపలేదా? పనిలేకుండా ఈ తారంతో రేవు ఊళ్ళో ఎవరూ ఎవరి గడపా తొక్కరమ్మా. ఏమిటీ, చాకలావిడ అస్సుంటా మనవరాలివా? ఏదీ, వెలుతురు వైపు తిరుగు. ముక్కు ఆవిడదే, సందేహం లేదు. కూర్చో. కాగితాలేమైనా తెచ్చావా రాసుకోడానికి? వద్దు, లోపల పెట్టు. రాతంటే నాకు గిట్టదు.

మీ అమ్మమ్మ నిజంగా గూఢచారేనా అని అడగడానికొచ్చావు, అంతేగా? చెప్తాను, తొందరపడకు. యుద్ధం రోజుల్లో ఆవిడ మన ఇటలీ యుద్ధనౌకల మీది అధికార్ల బట్టలు ఉతికేది. వీధి చివర మేడమీద ఆరేసేది, అక్కణ్ణుంచి చూస్తే నౌకాశ్రయమంతా అరచేతిలో ఉన్నట్టుండేది. సరే, చాకలన్నాక ఆరెయ్యదా అంటావు. అది కాదు. ఏ ఓడ ఎప్పుడు బయల్దేరుతుందో ఆవిడకి ముందే తెలిసిపోయేది! మా తమ్ముడు ఎజీదియో లిట్టోరియో అనే యుద్ధనౌకలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. వాడికే తెలిసేది కాదు. ఈవిడ మాత్రం బుట్ట నెత్తిన పెట్టుకుని పోతూ, "నున్జియా, ఇవాళ తమ్ముడికి ఆల్చిప్పలు వండిపెట్టవే, రేపుండడు" అనేది. మర్నాడు పొద్దున్నే ఓడలకి దారిస్తూ కాలవ మీది వంతెన తెరుచుకునేది, ఓడలు పోయేవి, మేం రుమాళ్ళు ఊపేవాళ్ళం. ఒకసారా, రెండుసార్లా? ప్రతిసారీ! "నీకెలా తెలుసే" అని అడిగితే నవ్వేది. "నా సబ్బు చెప్పింది" అనేది. నవ్వితే నాకింకా మండేది. అప్పుడు గోడగోడకీ కాగితాలు అంటించి ఉండేవిలే, నోరు మూసుకోండి, శత్రువు వింటున్నాడని. వీధిలో దగ్గినా ఎవడో ఒకడు వెనక్కి తిరిగి చూసేవాడు.

తర్వాత ఆ నవంబరు వచ్చింది. శత్రు విమానాలొచ్చి రేవులో కట్టేసి ఉన్న ఓడల్ని కొట్టిపోయాయి. తెల్లారి వెళ్తే లిట్టోరియో ముక్కు నీళ్ళలో పెట్టి కూలబడి ఉంది. ఎజీదియో రాలేదు. ఇరవై ఏళ్ళు తల్లీ వాడికి, ఇంకా మీసం కూడా సరిగ్గా రాలేదు. నాకప్పుడు ఒకటే ఆలోచన. ప్రతిసారీ చెప్పే మనిషి ఈసారి ఎందుకు చెప్పలేదు? ముందురోజు నా పక్కనుంచే పోయింది, "చలిగా ఉందే" అంది, అంతే. తెలిసే దాచింది. తెల్ల దుప్పట్లు సముద్రం వైపే ఎందుకు ఆరేస్తుంది, ఎవరికి సైగ? వీధి వైపు తాడు లేదా? ఆలోచించినకొద్దీ అన్నీ అతికినట్టు సరిపోయాయి. అనుమానం పట్టిందంటే అంతే, రాయిని చూసినా అది కదిలినట్టే ఉంటుంది.

ఆ వారమే పోలీసులకి ఉత్తరం వెళ్ళింది. పేరు లేని ఉత్తరం. ఎవరు రాశారని వీధంతా గుసగుసలు. రొట్టెల కొట్టువాడు "దర్జీ పెళ్ళాం రాసుంటుంది" అనేవాడు, దర్జీ పెళ్ళాం "ఆ కొట్టువాడికే ఆవిడంటే పడదు" అనేది. నేను రాశాను. ఎందుకలా చూస్తావు? అడగడానికొచ్చావుగా, విను. వంటింటి బల్లమీద కూర్చుని, ఎడంచేత్తో రాశాను, ఎవరూ గుర్తుపట్టకూడదని. పోలీసులు అడిగితే మీ అమ్మమ్మ ఉన్నదున్నట్టు చెప్పిందట. దాంతో ఇంకా చిక్కుకుంది. "చూశావా, ఓడల రాకపోకలు కనిపెట్టి ఊరంతా చాటుతోంది" అన్నారు. ఎక్కడో కొండల్లో ఊరికి పంపేశారు, యుద్ధం అయ్యేదాకా.

ఏం చెప్పిందంటావా? అదే మరి, నాకప్పుడు తెలియదు. ఆవిణ్ణి తీసుకుపోయాక బట్టలు ఎవరో ఒకరు ఉతకాలిగా. ఇంట్లో తినడానికి లేదు. నేనే తొట్టి పట్టాను. నాలుగు నెలలు ఉతికాను, చేతులు పగిలిపోయాయి. మార్చిలో ఒకరోజు పోలా ఓడ మీది నావికుడొకడు రొప్పుతూ వచ్చాడు. "మా అధికార్ల బట్టలివ్వమ్మా!" "ఇంకా తడిగా ఉన్నాయి నాయనా, రేపు రా." "రేపెక్కడిది? తడివే ఇవ్వు, అన్నీ ఇవ్వు!" జారా ఓడ నుంచి ఇంకొకడు, ఫ్యూమే ఓడ నుంచి ఇంకొకడు. ముగ్గురిదీ ఒకటే మాట, తడివే ఇవ్వు. నా చేతిలో పిండుతున్న చొక్కా అలాగే ఉండిపోయింది. ఇంతేనా? ఆవిడకి తెలిసిందల్లా ఇంతేనా? ఓడ కదిలే ముందు బట్టలు అడుగుతారు. ఆ నవంబరులో ఓడలు కదల్లేదు, ఎవరూ అడగలేదు, ఆవిడకి ఏమీ తెలియదు. నాలాగే ఏమీ తెలియదు తల్లీ. ఆ మూడు ఓడలూ పోయినవి పోయినట్టే, తిరిగి రాలేదు.

వెళ్ళి పోలీసులకి చెప్పొచ్చుగా అంటావు. చెప్పొచ్చు. చెబితే ఉత్తరం ఎవరు రాశారో బయటపడుతుంది. నాకు భయం. సిగ్గు. ముందు భయం, తర్వాత సిగ్గు, నిజం చెప్పాలంటే. యుద్ధం అయ్యాక ఆవిడ ఆ కొండల్లోనే పెళ్ళి చేసుకుందని తెలిసి, హమ్మయ్య, ఇక రాదు అనుకున్నాను. అలాంటిదాన్ని నేను. మీ ఇంట్లో నా గురించి ఏమనుకునేవారు? చెప్పు, తిట్టినా ఫరవాలేదు, యాభై ఏళ్ళుగా ఎదురుచూస్తున్నాను.

ఏమిటీ? మళ్ళీ చెప్పు. స్టేషనుకా? వీధి మొత్తంలో తనని సాగనంపడానికి వచ్చింది నున్జియా ఒక్కతే అనేదా? రొట్టె ఇచ్చిందని... పోయేదాకా అదే చెప్పేదా?

రొట్టె నా కోసం కొనుక్కున్నదమ్మా. నిజంగా రైలెక్కిస్తారో లేదో కళ్ళారా చూద్దామని వెళ్ళాను. ఆవిడ కిటికీలోంచి చెయ్యి చాపింది, పక్కనున్న పోలీసు నా వైపు చూశాడు, భయమేసి చేతిలో ఉన్నది ఆ చేతిలో పెట్టేశాను.

ఆఖరి బస్సు ఆరింటికి. లే, లేచి వెళ్ళు.