వంతెనంతా ఇతరాలే

స్తంభం ఇతరాలు. గడ్డర్ ఇతరాలు. వాననీళ్లు దిగే గొట్టం కూడా ఇతరాలే! ఇదేం వంతెనరా తమ్ముడూ, సంతలో మిగిలిపోయిన సరుకా?

కూర్చో. అలా నిలబడి చేతులు నలుపుకుంటే ఈ అక్క సంతకం రాలిపడదు. టీ చెప్పను. ఇది మనిల్లు కాదు, నా ఆఫీసు. వంతెనతో పాటు మీ కంపెనీ ఇచ్చిన కంప్యూటర్ మోడల్ సరిగ్గా ఉందో లేదో చూడటానికే నాకు జీతమిస్తున్నారు.

ఇదిగో, ఇటు చూడు. బొమ్మ బ్రహ్మాండంగా ఉంది, కాదన్లేదు. తిప్పితే తిరుగుతుంది, నొక్కితే వెలుగుతుంది. ఏం లాభం? పైన పటారం, లోన లొటారం. ఈ రబ్బరు దిండు ఉంది చూశావా, వంతెన బరువంతా దీని మీదే కదా? నువ్వెవరివమ్మా అని నొక్కి అడిగితే 'ఇతరాలు' అంటోంది! ఎవరు చేశారో, ఎప్పుడు మార్చాలో, ఒక్క ముక్క లేదు.

ఏంటీ? మీ సాఫ్ట్‌వేర్‌లో అన్నీ కనిపిస్తున్నాయా? ఆహా! మరి మేం అడిగిందేంటి? ఎవరు ఏ సాఫ్ట్‌వేర్‌తో తెరిచినా అర్థమయ్యే ఓపెన్ ఫార్మాట్‌లో ఇమ్మన్నాం. అందులోకి మార్చేటప్పుడు ఒక్కో భాగానికీ ఇది ఫలానా అని చెప్పుకోవాలి. చెప్పకపోతే అన్నిటినీ 'ఇతరాలు' అనే ఒకే గంపలో పడేస్తుంది. ఈపాటి సంగతి నీకు తెలీదా? చిన్నప్పుడు పెన్సిల్ ముక్క మీద కూడా పేరు చెక్కుకునేవాడివి!

ఆగాగు... తల దించుకున్నావేం? తెలిసే చేశారా?

ఓరి మీ తెలివి మండ! అంటే రేపు దిండు అరిగిందనుకో, మా వాళ్లు మీ గుమ్మం ముందు నిలబడి, బాబ్బాబు, కాస్త తెరిచి చూపించండి అని బతిమాలాలన్నమాట. ప్రతిసారీ మీకు దక్షిణ ఇచ్చుకోవాలి. వంతెన మాది, తాళంచెవి మీదీనా?

మీ బాసు చేయమన్నాడా? బాసు గడ్డి తినమంటే తింటావా? ఇంజనీరువట, సిగ్గులేకపోతే సరి.

ఏంటీ, ఫైలు పాసవకపోతే ఉద్యోగం పోతుందా? మరదలికి ఏడో నెలా? నాకు చెప్తున్నావా ఆ సంగతి? మొన్న దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది నేనే కదరా! అప్పుడు నువ్వు ఈ పేర్లు మాయం చేసే పనిలో ఉన్నావు.

ఏడవకు, చీదరగా ఉంది. సంతకం పెట్టను. చచ్చినా పెట్టను.

ఊఁ... ఇంకో మాట విను. పొద్దున్నే మా పెద్దాఫీసరు దగ్గరికెళ్లాను. ఈ మోడల్ చేసింది నా సొంత తమ్ముడండీ, నేను చూడటం న్యాయం కాదు అన్నాను. ఎంత మురిసిపోయాడో! మీలాంటివాళ్లు ఉండబట్టే ఆఫీసు నడుస్తోందమ్మా అన్నాడు. మరి ఎవరికిమ్మంటారు అని నన్నే అడిగాడు.

పక్కగది ఆయన పేరు చెప్పాను. ఆఫీసులో అందరూ ఆయన్ని స్టాంపు అంటారు. పుణ్యాత్ముడు, ఇన్నేళ్లలో ఏ ఫైలూ తెరిచిన పాపాన పోలేదు, ముద్ర కొట్టి పంపేయడమే. ఆ సంగతి తెలిసే చెప్పాను.

ఏంటలా చూస్తావ్? లే. మీ ఫైలు ఇప్పుడు ఆయన దగ్గరే ఉంది, కుడిపక్క తలుపు. ఆయనకో నమస్కారం పెట్టు, చాలు.

నాకు మాత్రం థాంక్స్ చెప్పావంటే చెంప పగులుతుంది.